ఇమ్మానుయేలు తుమ్మని కాలం

ఇమ్మానుయేలు ఆఖరిసారి ఎప్పుడు తుమ్మాడన్న విషయంలో సువార్తపేటలో రెండు వాదాలున్నాయి. గుంటూరు మిర్చి యార్డులో పనికి చేరిన మొదటి రోజున తేజ రకం కాయల బస్తా భుజం మీదే పిగిలిపోయినప్పుడు తుమ్మాడని, అదే ఆఖరని మొదటి వాదం. దీనికి ఆద్యుడు ముఠా మేస్త్రి ఆదాం. కాదు, పెళ్లిలో పాస్టరుగారు ప్రమాణం చేయిస్తుండగా దండలోని పువ్వొకటి ముక్కుకి తగిలి తుమ్మాడని, దాన్ని పరిగణనలోకి తీసుకోక తప్పదని రెండో వాదం. ఇందుకు వీడియో సాక్ష్యం కూడా ఉంది. అయితే ఆ క్షణాన పెళ్లికొడుకు మొహానికి అడ్డంగా రెండు పావురాలు, ఒక గులాబీరంగు గుండె బొమ్మ ఎగురుతూ పోవడం వల్ల సత్యం తేలలేదు.

ఏ వాదం నెగ్గినా, ఆ తర్వాత దీర్ఘకాలం అతను తుమ్మలేదన్నది మాత్రం ఉభయపక్షాలూ ఒప్పుకున్న సంగతి.

ఏటా కొత్త కాయ యార్డుకి దిగే మొదటి రోజున దీనికి సంబంధించిన వేడుక ఒకటి జరిగేది. ముఠా అంతా గుండ్రంగా నిలబడేది. ఇమ్మానుయేలు మొదటి టిక్కీ మూతి విప్పేవాడు. మిర్చి బస్తాని యార్డులో టిక్కీ అంటారు. అందులోంచి ఎర్రగా నిగనిగలాడే కాయ ఒకటి తీసి, నడిమికి విరిచి, గింజలు కాళ్ల మీద రాలుతుండగా ముక్కు దగ్గర పెట్టుకుని, మల్లెపూలు వాసన చూసినంత తీరిగ్గా లోపలికి పీల్చేవాడు. కొత్తగా చేరిన కూలీలు, పై రాష్ట్రాల లారీ డ్రైవర్లు ఆ దృశ్యం చూసే తుమ్మేవారు. అతనికి కన్ను కూడా చెమర్చేది కాదు. కాయని పక్కకి విసిరేసి, "నన్ను తుమ్మించే కాయ ఇంకా చెట్టున కాయలేదు," అనేవాడు. దాంతో సీజను మొదలైనట్టు లెక్క. అంతకు ముందు రోజే పెద్దలు వచ్చి టెంకాయ కొట్టి, ఫొటోలు దిగి వెళ్లేవాళ్లు గాని, ముఠా దాన్ని ప్రారంభంగా గుర్తించేది కాదు.

నిజానికి ఇందులో వీరత్వం ఏమీ లేదు. యార్డులో కొన్ని సీజన్లు మోసినవాడి ముక్కు తనంతట తానే పదవీ విరమణ చేస్తుంది. సువార్తపేట మొత్తం యార్డుకీ కోల్డ్ స్టోరేజీలకీ మధ్య ఇరుక్కుని ఉంది. మగవాళ్లు బస్తాలు మోస్తారు, ఆడవాళ్లు తొడిమలు తీస్తారు, పిల్లలు ఆ గాలిలోనే పుట్టి ఆ గాలిలోనే పెరుగుతారు. వచ్చిన చుట్టాలు వీధి మలుపులోనే దగ్గడం మొదలుపెడితే, పాపం వాళ్లకి ఒంట్లో బాగాలేదేమోనని పేటవాళ్లు మంచినీళ్లిచ్చి జాలిపడేవాళ్లు. గాలిలో ఏదో ఉందన్న అనుమానం ఎవరికీ రాలేదు. ఉన్నట్టు తెలిస్తే కదా.

ఇలాంటి పేటలోకి, ఇలాంటి ఇంట్లోకి, మెడలో గొట్టంతో మహిమ వచ్చింది.

ఇమ్మానుయేలుకీ సంతోషకుమారికీ ఆమె మొదటి బిడ్డ. నెలలు నిండకముందే పుట్టింది. ఆస్పత్రిలో వారాల తరబడి మిషను మీద ఉంచితే ప్రాణం నిలబడింది గాని, నోట్లోంచి వేసిన పైపు ఒరుసుకుని గొంతు కింద శ్వాస వెళ్లే దారి మూసుకుపోయినంత సన్నబడింది. డాక్టర్లు మెడ ముందు చిన్న రంధ్రం చేసి అందులో ట్యూబు పెట్టారు. చిటికెన వేలంత కూడా లేదు అది. ముక్కూ నోరూ మొహానికి అందం కోసం మిగిలాయి. ఊపిరి మాత్రం ఆ ట్యూబులోంచే. దారి పెరిగి వెడల్పయ్యాక, పిల్ల పెద్దదయ్యాక, ఆపరేషను చేసి తీసేయొచ్చు అన్నారు. ఎప్పుడని అడిగితే చూద్దాం అన్నారు.

ఆ ట్యూబు గొంతులో శబ్దం పుట్టే చోటుకి కింద ఉంటుంది. అందువల్ల మహిమ ఏడిస్తే వినపడదు. మొహం ఎర్రబడుతుంది, నోరు తెరుచుకుంటుంది, కన్నీళ్లు కారతాయి, కాళ్లు తన్నుకుంటాయి. టీవీ సౌండు తీసేసినట్టు ఉంటుంది. తల్లి వంటింట్లో ఉండి చెవి ఇటు పెట్టడం అన్నది ఆ ఇంట్లో కుదరదు. ఎవరివో రెండు కళ్లు ఎప్పుడూ బిడ్డ మీద ఉండాలి. కళ్లు తిప్పుకుంటే ఏం జరిగిందో తర్వాత చూడటమే తప్ప, వినడం ఉండదు.

ఇంటికి పంపేముందు డాక్టరమ్మ మొగుడూ పెళ్లాల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"మనం పీల్చే గాలిని ముక్కు వడపోస్తుంది, తడి చేస్తుంది. పాపకి ఆ సౌకర్యం లేదు. గాలి నేరుగా లోపలికి పోతుంది. అందుకని దుమ్ము, పొగ, ఘాటు ఏవీ దగ్గరికి రాకూడదు. గదిలో గాలి తడిగా ఉండాలి. గాలి పొడిగా ఉంటే కఫం గట్టిపడి ట్యూబు మూసుకుపోతుంది. మూసుకుపోయిందా, ఆంబులెన్సు వచ్చేదాకా ఆగదు. మీరే చేయాలి."

"మేమా అండీ?" అన్నాడు ఇమ్మానుయేలు.

"మీరే."

రబ్బరు బొమ్మ మీద నేర్పారు. సన్నపైపు ట్యూబులోకి దించి మిషనుతో కఫం ఎలా లాగాలి, పైపు దిగకపోతే పాత ట్యూబు తీసి కొత్తది ఎలా పెట్టాలి, అదీ దిగకపోతే ఒక సైజు చిన్నది ఎలా పెట్టాలి, చేత్తో ఊపిరి కొట్టే అంబు బ్యాగు ఎంత నొక్కితే ఛాతీ లేస్తుంది. సంతోషకుమారి మొదటి రోజే పట్టేసింది. ఇమ్మానుయేలుకి టైము పట్టింది. బస్తాలు మోసిన వేళ్లు, అంత చిన్న వస్తువుని పట్టుకున్నట్టు వాటికే తెలిసేది కాదు. బొమ్మ మాత్రం చాలా మంచిది. ఎన్నిసార్లు పొరపాటు చేసినా నీలంగా మారేది కాదు.

ఇంట్లో సంస్కరణలు మొదలయ్యాయి. మొదటి చట్టం పోపు మీద. ఇమ్మానుయేలు తల్లి దీనమ్మ, పెళ్లయిన నాటి నుంచి ఎండుమిర్చి చిటపటలాడకుండా పప్పు దించిన మనిషి కాదు. పోపు నిషేధమైంది. పొయ్యి వీధిలోకి వెళ్లింది. కారం డబ్బా పక్కింటికి కాందిశీకురాలిగా వెళ్లింది. ఆ కుటుంబం మిరియాల చారు, చప్పిడి కూరలతో అన్నం తింటుంటే పేటవాళ్లు వచ్చి, చావింట్లో పలకరించినట్టు పలకరించి వెళ్లేవాళ్లు. దీనమ్మ ఇంటి అరుగు మీద తొడిమలు తీయడం మానేసింది. ఇమ్మానుయేలు యార్డు కుళాయి కింద స్నానం చేసి, బట్టలు మార్చుకుని, తువ్వాలు మేస్త్రి దగ్గరే వదిలేసి ఇంటికొచ్చేవాడు.

అన్నిటికంటే గొప్ప సంస్కరణ మాత్రం ఇమ్మానుయేలు సొంత ఆలోచన. గాలి తడిగా ఉండాలని కదా డాక్టరమ్మ చెప్పింది. ఉయ్యాల పక్కనున్న కిటికీకి గోనెపట్టా కట్టి, దాని మీద నీళ్లు చల్లాడు. వేసవిలో పేటంతా చేసే పనే. చిరిగిన గోతాలు ముఠాకి మామూలుగా దక్కేవే. వాటితోనే కాళ్లపట్టాలు, కోళ్లగూటి తలుపులు, కిటికీ తెరలు. దీనమ్మ ఆ పట్టాని సబ్బు పెట్టి రెండుసార్లు ఉతికింది. పొద్దున పనికి పోయేముందు ఇమ్మానుయేలు దాన్ని తడిపేవాడు, మధ్యాహ్నం దీనమ్మ తడిపేది. గాలి దానిలోంచి చల్లగా వచ్చి ఉయ్యాల మీద పడేది. బిడ్డ కోసం తన చేత్తో చేయగలిగిన పని ఒకటి దొరికిందన్న తృప్తితో అతను రోజూ ఒక చెంబు ఎక్కువే చల్లేవాడు.

మహిమకి రోజూ మధ్యాహ్నానికి దగ్గు ముంచుకొచ్చేది.

శబ్దం లేని దగ్గు. ఒళ్లంతా ఎగిరిపడేది. ట్యూబు మూతి దగ్గర కఫం బుడగలు కట్టేది. లాగితే మళ్లీ వచ్చేది. పొద్దుగూకేసరికి తీగలు సాగుతూ, చిక్కబడుతూ, పైపుకి అడ్డం పడేది. రెండుసార్లు పెదాలు నల్లబడ్డాయి. రెండుసార్లూ సంతోషకుమారి సెలైన్ చుక్కలు వేసి లాగి నిలబెట్టింది. ఆస్పత్రికి తీసుకెళితే అక్కడ మర్నాటికల్లా నెమ్మదించేది. నవ్వేది కూడా. ఇంటికి తెచ్చిన మధ్యాహ్నానికి మళ్లీ మొదలు.

కారణం మీద ఇంట్లో సిద్ధాంతాలు బయల్దేరాయి. మిషను సరిగా లాగడం లేదని సంతోషకుమారి. ఇది విశ్వాసానికి పరీక్ష అని పాస్టరుగారు. చర్చివాళ్లు దిష్టి అనే మాట వాడకూడదు కాబట్టి, "ఎవరి కళ్లో పడ్డాయి" అని దీనమ్మ. ఆస్పత్రిలో బాగుండి ఇంట్లో బాగుండటం లేదంటే, ఇంట్లో ఉన్నవాళ్లలోనే ఎవరిదో పడటం లేదని కూడా ఆమె తేల్చింది. తేల్చి, కోడలి వైపు చూసింది.

"నా మొహం వంక చూడబాకత్తమ్మా. నేను ఆస్పత్రిలోనూ దాని పక్కనే ఉన్నా," అంది సంతోషకుమారి.

"నేనేమన్నానమ్మా ఇప్పుడు?"

"అనేదాకా ఎందుకులే."

మార్చిలో ఒక ఆదివారం, ఆరాధన అయ్యాక, సంతోషకుమారి తమ్ముడు జక్రయ్య పిడుగురాళ్ల నుంచి వచ్చాడు. సున్నం బట్టీలో పని అతనికి. ఎంత తోముకున్నా చెవుల వెనక, గోళ్ల మొదళ్లలో తెల్లగా మిగిలిపోయేది. మేనకోడల్ని ఆస్పత్రిలో చూడటమే గాని ఇంట్లో చూడటం ఇదే మొదటిసారి. చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, గడపలో అడుగుపెడుతూనే తుమ్మాడు.

"రావడం రావడమే మంచి శకునం తెచ్చావురా బామ్మర్దీ," అన్నాడు ఇమ్మానుయేలు.

"అది కాదు బావా..." అని ఇంకోటి తుమ్మాడు.

"మొహం అటు తిప్పరా! జలుబుంటే లోపలికి రాబాక. దానికి జలుబు తగిలితే ఇంతే సంగతులు," అంది అక్క.

"జలుబు లేదక్కా. నిజం. వీధిలో బాగానే ఉన్నా."

అప్పటికే బయట గాలి లేచింది. చేలల్లో కాయ కోతలు ముగిసి, యార్డు నిండి, రోడ్డు పక్క కల్లాల్లో కూడా మిర్చి ఎర్రగా పరిచి ఉన్న రోజులు. ఆదివారం హడావుడిలో మధ్యాహ్నం గోనెపట్టా తడపడం దీనమ్మ మర్చిపోయింది. అది ఎండిపోయి, గాలికి లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది.

ఉయ్యాల మీద కళ్లు పెట్టాల్సిన వంతు ఇమ్మానుయేలుది. బామ్మర్ది వైపు తిప్పాడు. మళ్లీ ఇటు తిప్పేసరికి మహిమ నోరు తెరిచి ఉంది. ఛాతీ కింద ఎముకల మధ్య చర్మం లోపలికి గుంటలు పడుతోంది. ట్యూబు దగ్గర బుడగలు లేవు. గాలి పోతున్న చప్పుడూ లేదు.

"సంతోషం!" అని పెళ్లాన్ని కేకేశాడు.

ఆమె వచ్చేసరికే చేతిలో సన్నపైపు ఉంది. మిషను గర్రుమంది. పైపు దించింది. దిగలేదు. సెలైన్ వేసింది. మళ్లీ దించింది. గోడకి తగిలినట్టు ఆగిపోయింది.

"మూసుకుపోయింది. ట్యూబు మార్చాలి. మెడ కింద తువ్వాలు పెట్టు. భుజాలు పట్టుకో. రేయ్ జక్రయ్యా, ఫోను లైటెయ్యి. ఇక్కడ. ఇక్కడరా, నా చేతి మీద కాదు!"

జక్రయ్య కిటికీకి వీపు ఆనించి ఉయ్యాల మీదికి లైటు పట్టాడు. వెనక నుంచి గోనెపట్టా అతని మెడని తాకుతోంది. ముక్కు ఎగరేస్తున్నాడు, పళ్లు బిగిస్తున్నాడు, కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. లైటు వణికింది.

"కదిలించబాకరా!"

మహిమ పెదాలు నేరేడు రంగుకి తిరిగాయి. సంతోషకుమారి మెడ చుట్టూ కట్టిన నాడా కత్తిరించి పాత ట్యూబు లాగేసింది. కొత్తది పెట్టింది. లోపలికి పోలేదు. కొంచెం వంచి పెట్టింది. పోలేదు. రంధ్రం అంచున రక్తం చుక్క కనిపించింది. కాళ్లు తన్నుకోవడం తగ్గింది. ఇమ్మానుయేలు అరచేతుల కింద ఆ భుజాలు మెత్తబడ్డాయి. బిడ్డ ఏడుపు మానితే ఏ ఇంట్లోనైనా హాయిగా ఉంటుంది. ఆ ఇంట్లో అది అన్నిటికంటే చెడ్డ గుర్తు.

దీనమ్మ తలుపు దగ్గర మోకాళ్ల మీద కూలబడి ఉంది. ప్రార్థన గట్టిగా మొదలై, మధ్యలో దారి తప్పింది.

"ఒదిలెయ్యమ్మా. ఇంక దాన్ని పొడవబాక. ఆయన తీసుకుపోతానంటున్నాడు, పోనియ్యి తల్లీ..."

"నోరు ముయ్యి అత్తమ్మా," అంది సంతోషకుమారి, తల తిప్పకుండా. "చిన్నది. చిన్న ట్యూబు ఇవ్వు."

ఉయ్యాల తాడుకి కవరులో వేలాడుతున్న చిన్న సైజు ట్యూబు ఇమ్మానుయేలు అందుకున్నాడు. కవరు పళ్లతో చింపాడు. బొమ్మ దగ్గర ఎన్నోసార్లు జారవిడిచిన ఆ వేళ్లు ఈసారి జారవిడవలేదు. పెళ్లాం చేతికి అందించాడు. అది లోపలికి పోయింది. పోయినా మహిమ కదల్లేదు. సంతోషకుమారి అంబు బ్యాగు తగిలించి నొక్కింది. ఛాతీ లేచింది. నొక్కింది. లేచింది. నొక్కింది. ముందు చెవులకి రంగొచ్చింది, తర్వాత పెదాలకి. ఉన్నట్టుండి ఒళ్లంతా ఒకసారి జర్కు ఇచ్చి, మహిమ నోరు తెరిచి ఏడ్చింది. చప్పుడు లేకుండా.

జక్రయ్య ఫోను మంచం మీద పడేసి వీధిలోకి పరిగెత్తాడు. అక్కడ నిలబడి తుమ్మాడు. ఆపి ఉంచినవన్నీ వరసగా తుమ్మాడు. ఎదురింటివాళ్లు బయటికొచ్చి, ఆరోగ్యం బాలేదేమోనని మంచినీళ్లిచ్చారు.

తీసేసిన ట్యూబులో అడ్డం పడ్డ ముద్ద, గోడకి పోస్టరు అంటించే మైదా జిగురు ఎండినట్టు ఉంది.

నూట ఎనిమిది వచ్చి తల్లినీ బిడ్డనీ ఆస్పత్రికి తీసుకెళ్లింది. ఇమ్మానుయేలూ జక్రయ్యా ఆటోలో వెనకే వెళ్లారు. కొన్నాళ్లు ఉంచాలన్నారు. పొద్దు గూకకముందు బట్టల కోసం ఇద్దరూ ఇంటికి తిరిగొచ్చారు. గడపలో జక్రయ్య మళ్లీ తుమ్మాడు.

"బావా, ఇంట్లో కారం ఎక్కడుంది?"

"లేదు."

"ఉంది."

"లేదంటే వినవేందిరా? డబ్బా కూడా పక్కింట్లో పెట్టాం. మిరియాలు తిని బతుకుతున్నాం."

మూల కూర్చున్న దీనమ్మకి కోపమొచ్చింది. మధ్యాహ్నం నుంచి ఆమెకి ఎవరి మీదో ఒకరి మీద కోపం రావాల్సి ఉంది. "సున్నం బట్టీలో పనిచేసేవాడికి ముక్కెక్కడిదిరా? చచ్చి ఎన్నాళ్లయిందో నీ ముక్కు!"

"సున్నానికి చచ్చిందత్తా. కారానికి బతికే ఉంది."

జక్రయ్య ఇల్లంతా తిరిగాడు. పోలీసు కుక్కకి కూడా కొంత శిక్షణ ఉంటుంది, అతనికి అదీ లేదు. వంటసామాన్ల దగ్గర నిలబడ్డాడు, ఏమీ లేదు. ట్రంకుపెట్టె తెరిచాడు, ఏమీ లేదు. ఇమ్మానుయేలు చొక్కాలు వాసన చూశాడు, ముక్కు కాస్త ఎగరేశాడు. ఉయ్యాల దగ్గర ఒకటి తుమ్మాడు. కిటికీ దగ్గరికి వెళ్లి ఊచలు పట్టుకుని, ఇక ఆపలేక, ఆ గోనెపట్టా వైపు వేలు చూపించాడు.

కిటికీలోంచి వాలుపొద్దు ఎండ పడుతోంది. జక్రయ్య పట్టాని అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు. ఎండలో సన్నటి ఎర్రదుమ్ము లేచి, తీరిగ్గా, ఖాళీ ఉయ్యాల మీద వాలింది.

ఇమ్మానుయేలు పట్టా విప్పాడు. ఒక మూల మిర్చి కమిషన్ కొట్టు ముద్ర సగం చెరిగి ఇంకా ఉంది. దాన్ని రెండు చేతులతో మొహానికి ఆనించుకుని లోపలికి పీల్చాడు. ఏటా కొత్త కాయ దగ్గర పీల్చినంత లోతుగా. మళ్లీ పీల్చాడు. అతనికి గోనె వాసన, తడి వాసన తప్ప ఏమీ తెలియలేదు.

"సబ్బు పెట్టి ఉతికానురా. రెండుసార్లు," అంది దీనమ్మ.

ఇమ్మానుయేలు పట్టాని చుట్ట చుట్టాడు.

దాన్ని ఏం చేయాలన్నది తర్వాతి సమస్య. కాలిస్తే పొగ. వీధిలో పారేస్తే గాలి. కాలవలో వేస్తే ఎవరో తీసుకెళ్లి ఇంకో కిటికీకి కడతారు. చివరికి ఇంటి వెనక గొయ్యి తవ్వి పాతిపెట్టాడు. సువార్తపేటలో గోనెపట్టాని సమాధి చేసిన మనిషి అతనొక్కడే. ప్రార్థన చేయలేదు. మట్టి కప్పి, పైన ఒక రాయి పెట్టి, చేతులు కడుక్కుని, మళ్లీ కడుక్కున్నాడు.

ఆస్పత్రికి వెళ్లి వరండాలో పెళ్లానికి చెప్పాడు. దాచకుండా, తను ఎక్కువ చల్లిన చెంబు నీళ్లతో సహా చెప్పాడు. సంతోషకుమారి విన్నది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఇంకో పట్టా ఉందా ఇంట్లో?" అంది.

"లేదు. కాళ్లపట్టాలు కూడా తీసేశా."

"నీ తలలో? నీ చెవుల్లో? రోజూ మోసుకొస్తున్నది?"

"కడుక్కునే వస్తున్నా గదా."

"కడుక్కున్నావని నీకెట్టా తెలుసు?"

మంట పుడితేనో, వాసన వస్తేనో తెలుస్తుంది. అతనికి ఆ రెండూ లేవు. ఇన్నాళ్లూ యార్డులో చప్పట్లు కొట్టించుకున్నది ఆ లేమికే.

పని మారాల్సి వచ్చింది. ఆ చుట్టుపక్కల పని అంటే ఏదో ఒక దుమ్ము. పత్తి మిల్లులో నూగు, పొగాకు గోడౌన్లో పొడి, జక్రయ్య దగ్గరికి పోతే సున్నం, సిమెంటు కొట్లో సిమెంటు. దుమ్ము లేని కూలి కోసం ఇమ్మానుయేలు చాలా చోట్ల తిరిగి, చివరికి ఐసు ఫ్యాక్టరీలో కుదిరాడు. ఐసుకి దుమ్ము లేదు. ఆదాం మేస్త్రి మనసు కష్టపెట్టుకున్నాడు. "మిర్చి మోసినోడివి, చేపలకేసే ఐసు మోస్తావా?" అన్నాడు. మరుసటి సీజను మొదటి రోజున కాయ విరిచి వాసన చూడటానికి ముఠాలో ఇంకొకడు ముందుకొచ్చాడు. కళ్లు చెమర్చాయని చెప్పుకున్నారు.

కిటికీకి తెల్లటి పాత చీర, పక్కన బకెట్టులో నీళ్లు. మహిమకి దగ్గు తగ్గింది. పోలేదు. గండాలు తగ్గాయి. పోలేదు. వానాకాలంలో ఒకసారి మళ్లీ ట్యూబు మార్చాల్సి వచ్చింది. ఆసారి మార్చింది ఇమ్మానుయేలు. ఆపరేషను సంగతి అడిగితే డాక్టరమ్మ ఇంకా చూద్దామనే అంటోంది. ఆ ఆదివారం మధ్యాహ్నం అన్న మాటని దీనమ్మ గాని, తనిచ్చిన జవాబుని కోడలు గాని తర్వాత ఎన్నడూ ఎత్తలేదు. ఉయ్యాల దగ్గర కూర్చునే వంతుల్లో దీనమ్మ తన వంతు కంటే ఎక్కువసేపు కూర్చుంటుంది.

ఇంట్లో ఘాటు ఉందో లేదో చెప్పగల ముక్కు మాత్రం లేదు. జక్రయ్య వీలైన ఆదివారాల్లో వచ్చి గదులన్నీ తిరిగి తనిఖీ చేసి, తుమ్మకుండా వెళ్లేవాడు. ఆ తుమ్మకపోవడం చూసి అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు. కాని మిగతా రోజులకి ఎవరు దిక్కు? కారానికి దూరంగా ఉంటే ముక్కు తిరిగి రావచ్చని డాక్టరమ్మ అంది. ఆమె నోట్లోంచి "రావచ్చు" అన్న మాట విని ఇమ్మానుయేలు "వస్తుంది" అన్నట్టు ఇంటికి తెచ్చాడు.

ఐసు ఫ్యాక్టరీలో బిగుతు మూత సీసాలో తేజ కాయ ఒకటి విరిచి దాచుకున్నాడు. రోజూ అన్నం తిన్నాక, చేతులు కడుక్కుని, మూత తీసి వాసన చూసేవాడు. ఏమీ లేదు. మూత పెట్టి, మళ్లీ చేతులు కడుక్కుని, ఐసు దిమ్మల దగ్గరికి వెళ్లేవాడు. కాయ రంగు వెలిసినప్పుడల్లా కొత్తది పెట్టేవాడు. ఒకప్పుడు తుమ్మనివాడని పేరుపొందిన మనిషి తుమ్ము కోసం ఇంత శ్రమపడటం పేటలో అందరికీ తెలిసింది. చర్చిలో ప్రార్థన మనవుల్లో అది కూడా చేరింది. పాస్టరుగారు దాన్ని "మన సహోదరుని నాసిక నిమిత్తం" అని చదివేవారు.

పోయిన డిసెంబరులో, ఒక మధ్యాహ్నం, ఇమ్మానుయేలు తుమ్మాడు.

గట్టిగా తుమ్మాడు. సీసా అతని చేతిలోనే ఉంది. ఐసు కోసే మిషను ఆపి మరీ అందరూ చూశారు. అతను ఆదాం మేస్త్రికి ఫోను చేశాడు. ఆదాం యార్డులో చెప్పాడు. యార్డు నుంచి కబురు ఇమ్మానుయేలుకంటే ముందే పేటకి చేరింది. దీనమ్మ వీధిలోకి వచ్చి స్తోత్రం అని చేతులెత్తింది. పిడుగురాళ్లలో జక్రయ్య ఫోనులో, "ఇంక నా ఉద్యోగం ఊడింది బావా!" అని అరిచాడు. సైకిలు దిగి ఇమ్మానుయేలు గడప దగ్గరికి వచ్చేసరికి వీధంతా నిలబడి ఉంది. లోపల ఉయ్యాలలో మహిమ నిలబడి, అంచు పట్టుకుని, జనాన్ని చూసి చప్పుడు లేకుండా నవ్వుతోంది.

సంతోషకుమారి ఒక చెయ్యి గడపకి అడ్డంగా పెట్టింది.

"మూత తీయకముందు తుమ్మావా, తీశాక తుమ్మావా?"

ఇమ్మానుయేలు ఆలోచించాడు. అబద్ధమాడటానికి వీల్లేని ప్రశ్న అది.

"తీయబోతుండగా," అన్నాడు.

ఆమె రెండో చేత్తో అతని నుదురు తాకి చూసింది. అతను ఒక్క అడుగు వెనక్కి వేశాడు, ఇంకో అడుగు వేశాడు, సైకిలు తిప్పుకుని చర్చి వరండాలో పడుకోవడానికి వెళ్లాడు. దీనమ్మ వెనకనుంచి దుప్పటి పంపింది.

అది జలుబు. ఐసు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లకి తరచూ చేస్తుంది.